ఊరికే కూర్చున్న జీతం

కాలిఫోర్నియాలోని తులారే ఊళ్లో చీజ్ ఫ్యాక్టరీలో పనిచేసే డియోలిండా బోర్జెస్ కోపిష్ఠిదే. అయితే ఆ మార్చి నెలలో వచ్చిన కోపం మామూలుది కాదు.

అంతకుముందు శరదృతువులో ఆమె తండ్రి ఉర్బానో మంచం పట్టాడు. జీవితమంతా ఆవుల పాలు పితికిన మనిషి, చివరికి చెంచా కూడా ఎత్తలేకపోయాడు. ఆమె సెలవు పెట్టింది. జీతంలో కొంత భాగం రాష్ట్ర ప్రభుత్వమే ఇచ్చింది. గడ్డం గీసింది, పక్కలు మార్చింది, క్యాబేజీ సూపు చుక్క చుక్కగా తాగించింది. క్రిస్మస్ చూడకుండానే ఆయన పోయాడు.

ఊళ్లో దుకాణం పెట్టి, ముందే ఫీజు తీసుకుని పన్ను లెక్కలు రాసే వేడ్ స్టబ్స్ ఆ సెలవు డబ్బును రాష్ట్రానికి పన్ను కట్టాల్సిన ఆదాయంలోనూ కలిపేశాడు.

"దీనిమీద కాలిఫోర్నియా పన్ను ఉండదంటున్నారు కదండీ?" అని అడిగింది డియోలిండా.

"నాకే పాఠాలా? ఇంట్లో ఊరికే కూర్చున్నందుకు జీతమిచ్చారు. పన్ను కట్టొద్దూ?"

ఆమె ఒళ్లు భగ్గుమంది. సంతకం పెట్టకుండా కాగితాలు లాక్కుని, ఉచితంగా పన్ను లెక్కలు చూసే లైబ్రరీకి వెళ్లింది. అక్కడ సెలెస్టినా అనే ముసలావిడ కళ్లజోడు సర్దుకుని చూసింది.

"కేంద్రానికి కట్టాల్సిందే తల్లీ, అది తప్పదు. రాష్ట్రానికి మాత్రం అక్కర్లేదు. ఆ మొత్తాన్ని ఇక్కడ తీసేయాలి. ఎవరమ్మా కలిపింది?"

డియోలిండాకు సంతోషం కలగలేదు. తిన్నగా స్టబ్స్ దగ్గరికే నడిచింది. దుకాణం నిండా జనం.

లైబ్రరీలో చెప్పిందంతా ఆమె గట్టిగా వినిపించేసరికి, అతను సణుగుతూ ఫీజు వాపసిచ్చాడు. "కంప్యూటర్ పొరపాటులే."

"డబ్బు సరే. నువ్వన్న మాట సంగతేంటి?"

"ఏ మాట?"

గుర్తే లేదు! అప్పుడు తెగింది ఆమె ఓపిక.

"ఊరికే కూర్చున్నానన్నావే, ఆ మాట! మా నాన్న ఊపిరాడక నా చెయ్యి రక్కేస్తుంటే కూర్చున్నా. పక్క తడిసిపోయిందని ఏడుస్తుంటే కడిగి, పర్లేదు నాన్నా అంటూ కూర్చున్నా. నువ్వొక్క పూట కూర్చో చూద్దాం, అలాగ!"

స్టబ్స్ కంప్యూటర్ వైపు తిరిగాడు.

ఆమె బయటికొచ్చేసరికి, వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన కాగితాలు చంకన పెట్టుకుని వెంటపడ్డాడు.

"అమ్మా, మా ఆవిడకు ఆపరేషనైతే నేనూ సెలవు పెట్టా. ఆ లైబ్రరీ ఎటు?"

"ఎడమకి తిరిగి తిన్నగా పో!" అని కసిరింది. పాపం, ఆయనమీద కాదు. కోపం ఇంకా దిగలేదంతే.