ఉతికేసిన రెండు దుప్పట్లు

ఆ వీధిలో ఆమెను అందరూ మరకలావిడ అనేవారు. లాండ్రీలో ముప్ఫై ఏళ్లుగా మరకలు వదలగొడుతున్న మనిషి. సిరా, తుప్పు, నూనె, ఏదైనా సరే, బట్టను వెలుతురుకి పట్టుకుని ఎప్పటిదో, ఎంత ఒలికిందో చెప్పేసేది. ఎవరింటి మరక గురించీ ఇంకొకరి దగ్గర నోరు విప్పేది కాదు. గుట్టు తెలిసిన మనిషని జనం మెచ్చుకునేవారు, ఆవిడా మురిసిపోయేది. ఆ మురిపెమే కొంప ముంచబోయింది.

కోడలికి ఏడో నెల. ఒక ఉదయం ఆమె దుప్పటి మీద అరచేయంత ఎర్రటి మరక. కోడలు బిక్కమొహం వేసింది.

"నొప్పిగా ఉందా?"

"లేదత్తయ్యా. అసలేం తెలియలేదు."

"నొప్పి లేకపోతే ఏం కాదులే, వేడి చేసి ఉంటుంది. అబ్బాయితో అనకు, కంగారు పడతాడు. నలుగురి నోళ్లలో నానడం మనకెందుకు?"

చన్నీళ్లు, ఉప్పు. కాసేపటికల్లా దుప్పటి శుభ్రం. తన పనితనానికి తనే మురిసింది కూడా. పది రోజులకి మళ్లీ అదే, ఈసారి ఇంకా ఎక్కువ. ఆవిడ పరుపు తడిమి చూసింది. నొప్పి లేదుగా అని తనకు తానే సర్దిచెప్పుకుని, అదీ ఉతికేసింది.

మూడోసారి వంటగదిలో నిలబడి ఉండగానే కోడలికి పాదాల దాకా రక్తం కారింది. కొడుకు చూశాడు. ఉన్నపళంగా ముగ్గురూ ఆసుపత్రికి పరుగెత్తారు.

స్కాన్ తీసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయ పైన ఉండాల్సింది, బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డంగా ఉంది. ఇలాంటప్పుడు నొప్పి లేకుండానే రక్తం పోతుంది. ఇందులో నీ తప్పేం లేదమ్మా. ఇంతకుముందు ఎప్పుడైనా కనిపించిందా?"

కోడలు అత్త వైపు చూడలేదు. "లేదండి. ఇదే మొదటిసారి."

తనను కాపాడటానికే ఆ అబద్ధమని అత్తకి తెలుసు. తల కొట్టేసినట్టయింది.

"మొదటిసారే అయితే, రక్తం ఆగాక రెండు మూడు రోజులు చూసి ఇంటికి పంపుతాను. పదేపదే అవుతుంటే మాత్రం కాన్పు దాకా ఇక్కడే," అంది డాక్టరమ్మ.

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. కోడలు దక్కుతుందో లేదో.

"మూడోసారండి," అంది ఆవిడ, నేల చూస్తూ. "రెండుసార్లు నేనే ఉతికేశాను. మొదట అరచేయంత. రెండోసారి పరుపులోకి దిగింది, గ్లాసుడు ఉంటుంది. చెప్పొద్దన్నదీ నేనే."

కొడుకు తల్లి వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

కోడల్ని చేర్చుకుని, ఎక్కించడానికి రక్తం సిద్ధంగా ఉంచారు. పన్నెండో రోజు, సరిగ్గా భోజనాల వేళ, కోడలికి మళ్లీ రక్తం ఆగకుండా పోయింది. నిమిషాల్లో ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా దక్కారు.

"మీరు చెప్పబట్టి సరిపోయింది. ఇంట్లో ఉండి ఉంటే చెయ్యి దాటిపోయేది," అంది డాక్టరమ్మ. ఆ మెప్పుకి ఆవిడ సిగ్గుతో చితికిపోయింది.

నెలలు నిండని పిల్లల గదిలోంచి బిడ్డను తల్లి చేతికిచ్చిన రోజు, ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"రండి, ఎత్తుకోండి అత్తయ్యా."

"నామీద కోపం లేదామ్మా?"

"ఉంది. చాలా ఉంది," అంది కోడలు. "అయినా ఎత్తుకోండి. నాకింకా కుట్లు నొప్పిగా ఉన్నాయి."

ఆవిడ బిడ్డను తీసుకుంది. తల మాత్రం ఎత్తలేకపోయింది.