ల్యాబుకు పంపిన వరి ఆకులు

శామీర్‌పేటలో మేముండే కాలనీకి రోజూ ఆకుకూరలు తెచ్చే ఆమెకు, తుర్కపల్లి తోవలో ఎకరం కౌలు పొలం ఉండేది. అందులో పండే వడ్లే ఇంట్లో ఐదుగురికి ఏడాది తిండి. మొన్నటి యాసంగిలో ఆ వరి ఆకుల మీద మచ్చలు కనిపించాయి. అగ్గితెగులని ఒకరు, జింకు లోపమని ఇంకొకరు చెప్పారట. ఏ మందు కొట్టాలో తెలియక పరేషాన్ అవుతోందని మా గేటు దగ్గర నిలబడి చెప్పుకుంది.

మా పక్కింటి అమ్మాయిది గోదావరి జిల్లా. తుర్కపల్లిలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. గోధుమ ఆకులో శిలీంద్రం దాగి ఉందా అన్నది జన్యుపరీక్షతో తేల్చడం వాళ్ల పని. వరికి అగ్గితెగులు తెచ్చేదీ ఆ జాతి శిలీంద్రమేననీ, దాన్ని కూడా చూడగలమనీ, ఆకులు తెప్పించమనీ నాతో అంది. పొడి కాగితంలో చుట్టి తెమ్మని మాత్రమే నేను కూరలామెకు చెప్పాను.

మర్నాడు తెచ్చిన కట్ట ముచ్చటగా ఉంది. కొసలు సమంగా కోసి, గడ్డిపోచతో కట్టి, పాత దినపత్రికలో చుట్టింది. ముప్పై ఏళ్లు విలేకరిగా ప్రశ్నలడిగి బతికినవాణ్ణి, ఏ ఆకులు తెంపావని అడగలేదు. కంపెనీ క్యాబ్ ఎక్కుతున్న అమ్మాయి చేతిలో పెట్టేశాను.

నాలుగో రోజు ఫలితం వచ్చింది. శిలీంద్రం లేదు. ఆ మాట నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె జింకు కొట్టి ఊరుకుంది.

వరి వెన్ను తీశాక పొలం తెల్లబడింది. కబురొస్తే అమ్మాయీ నేనూ వెళ్లాం. వెన్నుల మెడలు నల్లబడి విరిగిపోయి ఉన్నాయి. నలిపితే పొట్టే తప్ప గింజ లేదు. అమ్మాయి వంగి కింది ఆకు ఒకటి తెంపింది. నూలుకండె ఆకారపు మచ్చలు, నడుమ బూడిద రంగు, అగ్గితెగులు గుర్తు.

"ఇలాంటిది ఒక్కటి కూడా రాలేదండి మా దగ్గరికి," అంది నెమ్మదిగా.

కూరలామె మా ఇద్దరి వంకా చూసింది.

"మచ్చలయి ఏరి తీసేసి కట్టిన బిడ్డా. దినాం గట్లనే గదా కట్టేది. మచ్చలాకు మీ చేతిల ఎట్ల పెడ్త?"

పదేళ్లుగా మా గుమ్మాలకు అలా ఏరిన కూరే తెచ్చింది. పుచ్చాకు ఒక్కటి కనిపించినా కట్ట వెనక్కి ఇచ్చేవాళ్లం. నేనూ ఇచ్చాను.

ఇగ దీన్ని ఏం చెయ్యాలని ఆమె అడిగితే, గడ్డిలో కూడా తెగులు ఉంటుంది, కాల్చేయడమే మేలని అమ్మాయి చెప్పింది.

"బర్రెకన్న మేత అయితదనుకున్న," అంటూ ఆమె చేతిలోని కొడవలి గట్టు మీద పెట్టింది.