పెట్టని ఐ.పి.

1974 ఎండాకాలం. అప్పట్లో నేను పటమటలో ఒక గది అద్దెకు తీసుకుని, బెజవాడలోనూ పామర్రు వైపునా ఉన్న బట్టల కొట్లకు లెక్కలు రాసేవాణ్ణి. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, కొట్లలో పాత చిట్టాలు తిరగేసి నేర్చుకున్నాను. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు కాగితం మీద చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారని నాకు గట్టి నమ్మకం ఉండేది.

వ్యాపారస్తులకు నిద్ర పట్టనివ్వని మాట ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. నా అప్పులు నేను తీర్చుకోలేనని కోర్టులో రాసిచ్చి, ఉన్నదంతా కోర్టుకు అప్పగించడం. కోర్టు తరఫున అఫీషియల్ రిసీవర్ అనే ఆయన దాన్ని అమ్మి అప్పులవాళ్ళకు తలా కొంత పంచుతాడు. ఆ పిటిషన్‌కు జతచేసే షెడ్యూళ్ళు, అంటే అప్పుల పట్టీ, ఆస్తుల పట్టీ, ప్లీడర్ల కోసం నేను తయారుచేసేవాణ్ణి. అందుకే పామర్రు నాంచారయ్య గారు ఒక మధ్యాహ్నం చెమటలు తుడుచుకుంటూ వచ్చి ఐ.పి. అనగానే, పాపం ఈయన పనీ ఇంతేనా అనుకుని తెల్లకాగితం తీశాను.

"అది కాదండీ," అన్నాడాయన. "నేను ఐ.పి. పెట్టానో లేదో మీరు కోర్టుకెళ్ళి చూసి చెప్పాలి."

"పెట్టిందీ లేందీ మీకు తెలీదా?"

"నాకు తెలిస్తే ఏం లాభం గుమాస్తాగారూ? ఊరికి తెలియాలి."

ఆయనది చేనేత బట్టల కొట్టు, ఇంటి ముందుగదిలోనే. బెజవాడలో ఒక షావుకారు దగ్గర నూలు అరువు తెచ్చి, చుట్టుపక్కల మగ్గాలకు ఇచ్చి, నేసిన చీరలూ పంచెలూ అమ్మి అరువు తీర్చేవాడు. సంగతి నిదానంగా అడిగి తెలుసుకున్నాను. ఆయన భార్య శేషమ్మ గారికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద అర ఎకరం ఇచ్చారు. ఎప్పుడో అది అమ్మి, ఆ డబ్బుతో ఇల్లు కట్టారు. ఇల్లు మాత్రం ఆయన పేరున ఉండిపోయింది. ఆ ఏడు ఆయనకు కామెర్లు వచ్చి, మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఇదే ఆలోచించి, లేవగానే వెళ్ళి ఇల్లు ఆవిడ పేరున రిజిస్టరు చేయించాడు.

ఇక్కడ తెలియనివాళ్ళకు ఒకటి చెప్పాలి. మా వైపు ఐ.పి. పెట్టదలచుకున్నవాడు మొదట చేసే పని ఇల్లు పెళ్ళాం పేరున రాయడం. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చున్నవాళ్ళకు ఇంకేం కావాలి? ఆ సాయంత్రానికి నాంచారయ్య ఐ.పి. పెట్టబోతున్నాడన్నారు. సంతనాటికి పెట్టేశాడన్నారు. షావుకారు నూలు ఆపేశాడు. కోర్టులో మీ పేరున ఏమీ లేదని కాగితం తెస్తే మళ్ళీ ఇస్తానన్నాడు.

"నూలు లేకపోతే మగ్గాలు ఆగుతయ్యండీ. మగ్గాలు ఆగితే నేను నిజంగానే పెట్టాలి," అన్నాడు నాంచారయ్య గారు.

ఆయన పుస్తకాలు ముందు నేను చూశాను. రావలసినవి ఇవ్వవలసినవాటికంటే ఎక్కువే ఉన్నాయి. రెండోసారి కూడా కూడి చూశాను. దివాలా తీయడానికి ఆ లెక్కల్లో ఏ దారీ లేదు.

కోర్టులో దానియేలు గారని పెద్దాయన రికార్డులు చూసేవాడు. మెడలో చిన్న వెండి శిలువ, చెవిలో పెన్సిలు. నాంచారయ్య గారు ఐ.పి. పెట్టలేదని నకలు కావాలని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను తేరిపార చూశాడు.

"ఉన్నదానికి నకలిస్తామండీ. లేనిదానికి ఎట్టా ఇచ్చేది?"

ఆయనే జాలిపడి దారి చెప్పాడు. సెర్చ్ అప్లికేషన్ పెట్టుకుంటే, రుసుం కట్టించుకుని రిజిస్టరు వెతికి, దొరకలేదని ఎండార్స్‌మెంట్, అంటే దాని మీదే ఒక ముక్క రాసి సీలు వేసి ఇస్తారట. తీరా చూస్తే రిజిస్టరులో పిటిషన్లు నంబరు వరసన ఉన్నాయి తప్ప పేర్ల వరసన లేవు. ఒక మనిషి అందులో లేడని చెప్పాలంటే ఉన్నవాళ్ళందరినీ చదవాలి. ఆయన ఒక్కో పేజీ తిప్పుతుంటే పక్కన నిలబడి నేనూ చదివాను. రైసు మిల్లు భాగస్తులు, హోటలు ఆసామి, ఎరువుల కొట్టాయన. కొందరు నాకు తెలిసినవాళ్ళే, ఈమధ్య పెళ్ళిళ్ళలో కలిసి భోజనం చేసినవాళ్ళే. వీళ్ళ గురించి ఒక్కరూ ఒక్క మాటా అనగా వినలేదు. పెట్టినవాళ్ళ సంగతి ఊరికి తెలియదు, పెట్టనివాడి సంగతి ఊరంతటికీ తెలుసు. అక్కడే నాకు మొదటిసారి తల తిరిగింది.

ఎండార్స్‌మెంటు ఇంగ్లీషులో టైపు చేసి ఇచ్చారు. షావుకారు రెండుసార్లు చదువుకుని, సంతోషమండీ, వచ్చే వారం నూలు తీసుకెళ్ళండి అన్నాడు. నా పని అయిపోయిందనుకుని పటమట వచ్చి పడుకున్నాను.

వారం తిరక్కుండా పామర్రు నుంచి కబురు వచ్చింది. బస్సు దిగి వెళ్ళేసరికి నాంచారయ్య గారి కొట్టు ముందు జనం. ఆయన దగ్గర చీట్ల డబ్బు దాచుకున్నవాళ్ళు, రంగుల కొట్టువాడు, బండివాడు, అందరూ ఒకేసారి బాకీ అడుగుతున్నారు. నేతవాళ్ళు కొందరు నేసిన చీరలు ఇవ్వకుండా ఇంట్లోనే ఉంచేసుకున్నారట, కూలి ఎగ్గొడతాడని. గోడ మీదికి చూశాను. లక్ష్మీదేవి పటం పక్కన, కొత్త చట్రంలో, అద్దం వెనక కోర్టు కాగితం.

ఎవరికైనా సందేహం ఉంటే చూసుకుంటారని ఆయనే పటం కట్టించి తగిలించాడు. కానీ ఆ ఊళ్ళో కోర్టు కాగితం గోడ మీద ఎప్పుడు కనబడుతుంది? జప్తుకని కోర్టు అమీనా వచ్చి నోటీసు అంటించినప్పుడు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళకు అందులో మూడే కనబడ్డాయి. ఎర్ర సీలు, ఐ.పి. అనే రెండు అక్షరాలు, నాంచారయ్య పేరు. నేను బల్ల ఎక్కి దాన్ని తెలుగులో చదివి వినిపించాను.

"లేకపోతే లేదని కోర్టోళ్ళెందుకు రాస్తారండీ?" అన్నాడు బండివాడు. "మా పేర్ల మీద రాశారా?"

నేను బల్ల దిగాను.

సాయంత్రం బస్సుకు ముగ్గురం బెజవాడ వెళ్ళాం. నేను, నాంచారయ్య గారు, శేషమ్మ గారు. షావుకారు ఈసారి నూలు సంగతి ఎత్తలేదు.

"మీ కాగితం బాగానే ఉందండీ," అన్నాడు నాతో. "కానీ అక్కడ జనం నిలబడ్డారంటున్నారు. నేను కాగితాన్ని నమ్మాలా, జనాన్ని నమ్మాలా?"

నేను చిట్టా తీసి రావలసినవీ ఇవ్వవలసినవీ చదవబోయాను. శేషమ్మ గారు నన్ను ఆపి, షావుకారునే అడిగింది.

"ఇల్లు మళ్ళీ మావారి పేరున ఉంటే నమ్ముతారా బాబూ?"

షావుకారు చిట్టా పక్కకు జరిపాడు. "అప్పుడు మాట వేరమ్మా. ఐ.పి. పెట్టేవాడు ఇల్లు వెనక్కి తెచ్చుకోడు గదా."

"వద్దు శేషూ," అన్నాడు నాంచారయ్య గారు. "అది నీది."

"మగ్గాలాగితే నా ఇంట్లో కూర్చుని ఏం తింటాం?" అంది ఆవిడ.

మర్నాడు మళ్ళీ అదే రిజిస్ట్రారు ఆఫీసు, అదే వరండా, అదే మనుషులు. ఆవిడ ఇల్లు ఆయన పేరున రాసి వేలిముద్ర వేసింది. చీకటిపడేసరికి నాంచారయ్య నిలదొక్కుకున్నాడని ఊళ్ళో అనుకున్నారు. ఆ వారమే నూలు వచ్చింది, నేతవాళ్ళు చీరలు తెచ్చి ఇచ్చారు. ఈ మధ్యలో ఆయన పుస్తకాల్లో మారింది ఏమిటని చూస్తే, రెండు దస్తావేజుల స్టాంపు ఖర్చు తప్ప ఏమీ లేదు. ఆ మేరకు ఆయన కొంచెం పేదవాడయ్యాడు. ఊరు మాత్రం అప్పుడే ఆయన్ని నమ్మింది.

ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఎవరైనా వ్యాపారం ఇబ్బందిలో పడిందని వస్తే, ఇప్పుడు నేను చిట్టా అడగడానికి ముందు, ఈ మధ్య రిజిస్ట్రారు ఆఫీసుకు ఎందుకు వెళ్ళారని అడుగుతాను. లెక్క సరిగా ఉండటం ఒక పని, సరిగా ఉందని నలుగురూ అనుకోవడం ఇంకో పని. రెండోదానికి ఏ రిజిస్టరు వెతకాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏడాది చివర లెక్కలు కట్టడానికి పామర్రు వెళ్ళాను. గోడ మీద ఆ చట్రంలో ఇప్పుడు క్యాలెండరు బొమ్మ ఉంది. శేషమ్మ గారు మజ్జిగ తెచ్చిపెట్టి, కాసేపు నిలబడి అడిగింది.

"లెక్క ప్రకారం ఈ ఇల్లు ఎవరిదండీ?"

ఆస్తుల పట్టీలో ఇల్లు అని రాసి, పేరు రాయవలసిన చోటికి వచ్చి కలం ఆపాను. పక్కింట్లోంచి మగ్గం చప్పుడు వస్తోంది.

"మజ్జిగ తాగండి, వేడెక్కిపోద్ది," అని ఆవిడ లోపలికి వెళ్ళింది.