బాలనర్సయ్య తనిఖీ చేసిన జపాన్ కథ

ఎడపల్లిలో బాలనర్సయ్యను ఎరుగని బీడీలు చుట్టే ఆడమనిషి లేదు. ఊరి బడిలో ఏడో తరగతి పాసైన మొదటి జట్టులో ఆయనొకడు. ముప్పై ఒక్క ఏళ్లు కార్ఖానాలో చెకర్‌గా బీడీలు తనిఖీ చేశాడు. ఆయన ఒప్పుకున్న గంపల్లో ఒక్కటీ కంపెనీ నుంచి తిరిగి రాలేదు. ఊరికి పోస్టు డబ్బా తెప్పించింది కూడా ఆయన రాసిన అర్జీయే. ఇవన్నీ ఎవరూ అడగకముందే ఆయనే చెప్పేవాడు.

పొగాకు తక్కువ పడిన బీడీలను ఆడవాళ్లు కట్ట నడుమ దాచేవాళ్లు. పై వరుస ఎప్పుడూ ముచ్చటగా ఉండేది. అందుకే ఆయన కట్ట చేతికి రాగానే నడుమ నుంచి రెండు బయటికి తోసి, నొక్కి చూసేవాడు. పని మానేశాక కూడా దేన్నీ మొదటి నుంచి నమ్మలేదు.

2007 చలికాలం. బోధన్ రోడ్డు నిండా చెరుకు లారీలు. రెంజల్‌లో ఉండే కూతురి బిడ్డ స్రవంతి ఎడపల్లిలో తాత ఇంట్లో ఉండి బోధన్‌లో డిగ్రీ చదువుతోంది. ప్రతి శనివారం నిజామాబాద్ పోయి వస్తోంది. ఎందుకని అడిగితే నెట్ సెంటర్‌లో పని అంటుంది. ఏం పనో ఆయనకు అంతు చిక్కలేదు.

ఒక గురువారం గూట్లో ఆమె పొడవాటి నోటుబుక్కు దొరికింది. అలవాటు చొప్పున నడుమ విప్పాడు. మనవరాలి చేతిరాత.

'రేపు పొద్దున రైలు స్టేషనుకు వచ్చేది నేను కాదు. అయినా నువ్వు అక్కడే ఉండు. నేను మాట ఇచ్చానని ఆమెకు చెప్పు.'

బాలనర్సయ్యకు అంతా అర్థమైపోయింది. పిల్ల ఎవడితోనో పోతోంది! చదువు మాన్పించి పిల్లను తీసుకుపొమ్మని బజారుకు పోయి అల్లుడికి ఫోన్ చేయడానికి చెప్పులు వేసుకున్నాడు.

"ఏడికి పోతున్నవయ్యా గంత కోపంగ?" చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్న భార్య అంజవ్వ అడిగింది.

"నీ మనుమరాలు స్టేషన్ కాడ ఎవనికో టైం ఇచ్చింది సూడు!"

అంజవ్వ పకపకా నవ్వింది. "గదొక కథ! జపానోడు రాసిండు. పిల్ల శనివారం శనివారం నెట్ల నుంచి ఇంగ్లీషు కాయితాలు తీసి తెచ్చి, తెలుగుల రాసి, నేను బీడీలు సుడుతుంటే సదివి ఇనిపిస్తది."

"నాకు చెప్పకుండనా? ఇంట్ల సదువుకున్నోన్ని నేనుంటే?"

"నువ్వు ఇంటవా? ఎప్పుడు నీ ముచ్చటే చెప్పబడ్తివి."

అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన స్రవంతికి తాత చేతిలో నోటుబుక్కు కనబడింది. మీ నాయినకు ఫోన్ చేసి చదువు మాన్పిస్తానని ఆయన అరిచాడు.

"తాతా, మొదటి నుంచి సదువు. ఆ తర్వాత నాన్నకు ఫోన్ చేస్తే చెయ్యి."

రెండు రోజుల గడువు ఇచ్చాడు. నచ్చకపోతే చదువు బంద్.

కథలో ఒక బడిపిల్ల. నిద్రలేచిన ప్రతిసారీ తాను కొత్త మనిషినంటుంది. నిన్న గొడుగు తీసుకున్నది నిన్నటి పిల్ల, నన్ను అడగొద్దు అంటుంది. గొడుగు ఇచ్చిన పిల్లవాడు ఆమె వెంట తిరుగుతుంటాడు.

"గిట్ల నా ముందర ఎవరన్న అంటే ఊకుందునా?" అన్నాడు బాలనర్సయ్య. "నిన్నటి బీడీలు సుట్టింది నేను గాదు సారూ అంటే? ఇంకోటి, గీ పిల్లలకు తల్లిదండ్రులు లేరా? బడి మిద్దెక్కి రొట్టె తింటరు, ఎవ్వలు కోప్పడరు. ఏదో మోసమున్నది."

"సదువు, సదువు," అంది అంజవ్వ.

శుక్రవారం మధ్యాహ్నం ఒకచోట ఆగిపోయాడు. నిన్నటి పిల్ల ఒక దోస్తును ఏడిపించింది. 'ఆమె నేను కాదు. అయినా ఆమె తరఫున మన్నించమని అడుగుతున్నాను' అంటుంది ఈ రోజు పిల్ల.

ఆయనకు అప్పట్లో కార్ఖానాకు బీడీలు తెచ్చే లింగవ్వ గుర్తొచ్చింది. ఒక వానాకాలం బీడీ ఆకు తడిసిందని ఆమె తెచ్చిన గంపంతా పారబోయించాడు. ఆమె గేటు బయట కూర్చొని ఏడ్చింది. అది నేను కాదు అనుకుంటే ఎంత హాయి! కానీ అప్పుడు ఏడో తరగతి పాసైందెవరు? పోస్టు డబ్బా తెప్పించిందెవరు? అవన్నీ ఎవడో నిన్నటివాడికి పోతాయి. ఈ పుస్తకం ఇంట్లో చొరబడి తన పెట్టె తాళం తీస్తోందనిపించింది. నోటుబుక్కు మూసి, మళ్లీ తెరిచాడు. చివరి భాగం లేదు. అది రేపు నిజామాబాద్ నుంచి రావాల్సిందే.

శనివారం పొద్దున స్రవంతి బ్యాగుతో గడప దగ్గర నిలబడింది.

"తాతా, పోవాల్నా, వద్దా? నాన్నకు చెప్తవా?"

"మీ నాయినకు చెప్పేదేం లేదు. సోమవారం కాలేజీకి పో." చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. "ఇయ్యాల నీ ఎంబడి నేనూ వస్తున్న."

"ఇంకా నా మీద అనుమానమేనా?"

"నీ మీద గాదు బిడ్డా, ఆ జపానోని మీద. నువ్వు ఆఖరి కాయితం తియ్యంగనే నాకు సదివి చెప్పు. లింగవ్వ కాడికి పోయి మన్నించుమని అడగాల్నా వద్దా, నాకు ఎరుక కావాలె."

నిజామాబాద్ బస్సు హారన్ కొడుతోంది. ఆయన మనవరాలికంటే ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.