సూది మిషన్‌కు ఆయుధపూజ

ఆ రోజుల్లో నాకు మతిమరుపు ఎక్కువని ఇంట్లో అందరూ అనేవారు. ఎవరు నన్ను ఏమన్నారన్న సంగతిలో మాత్రం నేను ఏదీ మరిచిపోనని, బంగారు గనుల ఊళ్ళో, కోరమండల్ పేట దగ్గరి చిన్న ప్రయోగశాలలో మొదటి ఉద్యోగం దొరికాక తేలిపోయింది. అక్కడ మేము సూది మిషన్ అని పిలుచుకునే సూక్ష్మదర్శిని ఉండేది. కంటికి ఆనని సూదిమొన ఒకటి లోహాన్ని తాకకుండా పైపైన తిరుగుతూ, ఉపరితలం మీద ఏ చోట విద్యుత్ పొటెన్షియల్ ఎక్కువో, ఏ చోట తక్కువో చదివి రంగుల పటం గీసేది. మెగ్నీషియం లాంటి తేలిక లోహపు మిశ్రమం రేపు ఎక్కడ చెడబోతుందో ఆ పటంలో ఈరోజే పసిగట్టవచ్చు. నాకు అది జాతకం చూసినంత వింతగా ఉండేది. (ఒకసారి తుప్పు అన్నానని మా సార్ అందరి ముందూ దిద్దారు: "తుప్పు ఇనుముకమ్మా, దీనికి క్షయం అనల్ల." అదీ గుర్తుంది.)

సార్ ఆ ఊళ్ళోనే, చాంపియన్ రీఫ్స్ అనే గని దగ్గర, కార్మికుల ఇంట పుట్టినవారు. గనిలో ఇంజన్లకు ఆయుధపూజ ఎలా చేసేవారో మా మిషన్‌కూ అలాగే జరగాలని ఆయన పట్టు. ఆ ఏడు పూజనాడు, నేను అద్దంలా మెరిసేదాకా సానబెట్టిన మెగ్నీషియం బిళ్ళ పక్కనే గాజు మూత కింద ఉంది. "మూత తీయమ్మా, దేవుడు మూతకు ఆశీర్వాదమిస్తాడా?" అన్నారు. తీశాను. బండి అయితే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. దీనికి చక్రాల్లేవు కనుక సార్ కాయను కోసి, కుంకుమ అద్ది, మిషన్ ముందు పిడికిట్లో పిండేశారు. దండం పెట్టుకుని బొరుగులు తిన్నాం.

మర్నాడు మిషన్ గీసిన ఆ బిళ్ళ పటంలో నల్లని మచ్చ కనబడింది.

"వేలు పెట్టినావు కదా!" అన్నారు సార్.

"లేదు సార్."

"మరి యాడనుంచి వచ్చె? ఆకాశంలోంచి ఊడిపడిందా? ఇంగ నువ్వు ఈ మిషన్ ముట్టొద్దు. కొత్తగా చేరినాయన చూసుకుంటాడు."

ఆ మిషన్ కోసమే నేను ఆ ఉద్యోగంలో చేరాను. ఏడవలేదు, పంతం పట్టాను. పనికిరాని ముక్క మీద బొటనవేలు నొక్కి మామూలు సూక్ష్మదర్శినిలో చూశాను. రాగి చేలో చాళ్ళలా గీతలు. నా బిళ్ళను చూస్తే ఒకటి కాదు, ఎన్నో మచ్చలు, అన్నీ గుండ్రనివే. లోహంలో సహజంగా ఉండే రేణువులు అంత గుండ్రంగా ఉండవు. గుండ్రంగా పడేది చినుకు. ఏ చినుకు? అప్పుడు సార్ పిడికిలి గుర్తొచ్చింది. ఇంకో ముక్క దగ్గర నిమ్మకాయ పిండి చూశాను. అవే మచ్చలు!

ఆ ముక్కనూ, పిండిన నిమ్మచెక్కనూ తీసుకెళ్ళి సార్ ముందు పెట్టాను. ఆయనే దాన్ని మిషన్‌లో పెట్టి పటం తీశారు. అవే మచ్చలు చూసి, "మిషన్ నువ్వే చూసుకో. కాఫీ తాగుదాం రామ్మా" అన్నారు. క్షమించమన్న మాట మాత్రం ఇప్పటికీ బాకీ. (ఆ కాఫీలో చక్కెర కూడా లేదు.)

ఇప్పుడు ఆ గది బాధ్యత నాదే. పూజకు ముందు బిళ్ళలన్నీ బీరువాలో పెట్టి తాళం వేయిస్తాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి పటంలో మచ్చ కనబడగానే నా నోట వచ్చిన మొదటి మాట, "వేలు పెట్టినావు కదా!" ఆ పిల్ల నన్ను ఒక్క చూపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అది ఎన్నేళ్ళు నిలుస్తుందో కూడా తెలుసు.

"కాఫీ తాగుదాం రామ్మా" అన్నాను. చక్కెర మాత్రం దగ్గరుండి వేయించాను.