కుప్పడం మగ్గం మీద రెండో చెక్క

మా చిన్నప్పుడు... అమావాస్య నాడు మా గల్లీలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఎవరూ చెప్పిన నియమం కాదు. గద్వాలలో మా గల్లీ నిండా మగ్గాలే. అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం తాకరు. రోజంతా టకటకలాడే గల్లీ ఒక్కసారిగా మూగబోయేది. మన మాటే మనకు పెద్దగా వినిపించేది...

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నేను, మా పక్కింటి శారద ఇంటర్ రెండో ఏడు. మా అబ్బా, అంటే మా నాన్న, గడియారాలు బాగుచేసేవాడు. వాళ్ల నాన్న రాములు కాక చీరలు నేసేవాడు. ఎంసెట్‌కు నేను వాళ్లింట్లోనే చదువుకునేదాన్ని. మట్టిగోడల ఇల్లు, ఎండాకాలం చల్లగా ఉండేది.

కుప్పడం చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు నడుము భాగం నేస్తుంటే రెండోవాళ్లు అంచు పోగు చుట్టిన నాడె అందించాలి. శారద వాళ్ల తాత పోయాక ఆయన కూర్చునే రెండో చెక్క ఖాళీ. కాక ఒక్కడే మామూలు చీరలు నేసేవాడు. కూలి సగానికి పడిపోయింది.

శారద వాళ్ల అవ్వ ఒకరోజు బియ్యం చెరుగుతూ తేల్చి చెప్పింది.

"ర్యాంకొస్తె సదువుతది. రాకుంటె తాత చెక్క మీద కూసుంటది. ఇంకేమున్నది?"

ఆ రోజు నుంచి శారద చదువు మారిపోయింది.

ఎంసెట్‌లో నిమిషానికో ప్రశ్న దాటాలి. అందరూ గడియారం పెట్టుకుని సాధన చేసేవాళ్లు. శారద మగ్గం చప్పుడుతో చేసేది. కాక ఇన్ని దెబ్బలు కొట్టేలోపు ఒక లెక్క... తల ఎత్తకుండానే టైం తెలిసేది.

"చేతికి గడియారం కట్టుకోవే. ఎగ్జాం హాల్ల మగ్గం ఉంటదా?" అన్నాను.

"మీ అబ్బా బాగుజేసిన గడియారమన్న ఆగుతది గని, మా మగ్గం ఆగదు తియ్" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

పరీక్ష ముందు వచ్చిన అమావాస్య నాటి మధ్యాహ్నం. కరెంటు లేదు. ఫ్యాను లేదు. కాక బయటికి పోయాడు. మగ్గం గది తలుపుకు బయటి నుంచి గొళ్లెం. మేమిద్దరం మోడల్ పేపర్ రాస్తున్నాం.

సగంలో మగ్గం చప్పుడు మొదలైంది.

కాక ఒక్కడు నేసే చప్పుడు కాదది. ఆ దెబ్బ చకచకా పడుతుంది. ఇది ఆగి ఆగి, బరువుగా పడుతోంది... అంచు పోగు, నడుము పోగు మెలిపడ్డాక కొట్టే దెబ్బ. ఇద్దరు కూర్చుంటే వచ్చే చప్పుడు.

లేచి వెళ్లాను. గొళ్లెం వేసే ఉంది. తీసి చూశాను. మగ్గం మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది. ఎవరూ లేరు. చప్పుడు లేదు.

"ఏంది బిడ్డా, గట్ల లేసినవ్?" అంది గడప దగ్గరున్న అవ్వ.

"మగ్గం సప్పుడైంది అవ్వా..."

"అమావాస్య నాడు మగ్గమేంది? రోజు ఇనేటోళ్లకు చెవులల్లనే ఉంటది. పో, రాసుకోపో."

వెనక్కి వచ్చాను. శారద తల ఎత్తలేదు.

"కూసో. టైం పోతది" అంది. ఆమె మడమలు నేల మీద కదులుతున్నాయి. ఎడమ... కుడి... మగ్గం తొక్కినట్టు.

పరీక్ష మహబూబ్‌నగర్‌లో. బస్సులోనే నా గడియారం విప్పి శారద చేతికి బలవంతంగా కట్టాను. హాల్లో ఆమె నాకు ముందు వరుసలో. పేపర్లు ఇచ్చాక పెన్నుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి అదే దెబ్బ... ఆగి ఆగి, బరువుగా. పక్కవాళ్లెవరూ తల తిప్పలేదు. ముందు శారద మడమలు కదులుతున్నాయి. చెయ్యి ఆగకుండా గళ్లు నింపుతోంది.

బయట పదకొండు గంట కొట్టి కాసేపైంది. చప్పుడు ఆగింది.

శారద పెన్ను ఆగింది. మడమలు ఆగాయి. తల వంచుకుని అలాగే కూర్చుంది. అయిపోయింది అనుకున్నాను. చాలాసేపటికి ఆమె ఎడమ చెయ్యి తిప్పి గడియారం చూసింది. మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

బయటికి వచ్చాక అడిగింది.

"నువ్వు గూడ ఇన్నవా?"

"ఇన్న."

"మధ్యల లేసిపోయిండే..."

నాకు తాత చెక్క గుర్తొచ్చింది.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాం. వాకిట్లో గోడకు తాత కూర్చునే చెక్క ఆనించి ఉంది. మేకులు పీకిన తొర్రలు కనిపిస్తున్నాయి. అవ్వ కాకను తిడుతోంది.

"పిల్ల పరీక్ష రాస్తుంటె ఇంట్ల మగ్గం ఇప్పుతరురా ఎవడన్న? జర ఆగకపోతివి?"

"ఆగి, ర్యాంకొచ్చినంక తీస్తె ర్యాంకుకు భయపడి తీసినట్టుంటదమ్మా. వచ్చినా రాకున్నా ఆడ నా బిడ్డ కూసోదు. అందుకే ముందే తీసిన."

శారద చెక్క మీది తొర్రలు తడిమింది. "ఎప్పుడు తీసినవ్ నాయనా?"

"కిటికీ ఎండ మగ్గం గుంటలకు దిగినప్పుడు. పదకొండు దాటింటది."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

శారదకు ర్యాంకు వచ్చింది, సీటూ వచ్చింది. ఇప్పుడు వనపర్తిలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. నా గడియారం తిరిగి ఇవ్వలేదు. ఇన్నేళ్లుగా నేను చేస్తున్నది విలేకరి పని. ఇద్దరు విడివిడిగా చెప్పిన మాట కలిస్తేనే వార్త రాస్తాను. ఆ రోజు ఇద్దరం విన్నాం. అయినా ఇది వార్తగా రాయలేను. ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు పరీక్షలు కంప్యూటర్ మీద. టైం తెర మీదే కనిపిస్తూ ఉంటుంది. మొన్న మా గల్లీకి వెళ్లాను. పట్టపగలు, అమావాస్య కూడా కాదు... అయినా నాకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడాను.

మీరు పరీక్ష రాస్తున్నప్పుడు మీ ఇంటి చప్పుడేదైనా మీ వెంట హాలు దాకా వచ్చిందా? వస్తే, ఎక్కడ ఆగింది?