అవ్వ పారబోసిన సముద్రం

ఆ రోజుల్లో ధర్మవరంలో సముద్రం చూసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా మగ్గాల వీధిలోనైతే నేనొక్కదాన్నే. మద్రాసులో జంతుశాస్త్రం చదువుతున్నానన్న గర్వంతో కాళ్ళు నేలమీద ఆనేవి కావు (ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో బాగానే ఆనుతున్నాయి). ఆడపిల్లను ఇంకో ఏడాది అంత దూరం పంపడమెందుకని వీధి పెద్దాయన పట్టుబడితే, "ప్రాణం ఎట్ల పుడతాదో నా కూతురు కండ్లారా చూపిస్తాది. అది చూసినంక చెప్పన్నా, పంపొద్దంటే పంపను" అని నాయన మాటిచ్చేశాడు. అందుకని సెలవులకు వస్తూ నాలుగు సీ అర్చిన్‌లను, అంటే ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి సముద్రజీవులను, సముద్రపు నీళ్ళ కడవలో పెట్టుకుని పాకాల మీదుగా రైల్లో తెచ్చాను. కదిరి దాటేసరికి ఆ కంపుకు నా పక్కన ఎవరూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి కడవలో ముళ్ళన్నీ వాలిపోయి ఉన్నాయి. పైన మునగాకు తేలుతోంది. మా అవ్వ హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచిన మనిషి. పొద్దున్నే వాటికి పాత రేష్మాకు, అంటే మల్బరీ ఆకు, తీసి కొత్తది వేయందే ఆమెకు ముద్ద దిగేది కాదు. "పాచినీళ్ళు కంపు కొడతాండె పాపా. పారబోసి బావినీళ్ళు పోసినా. రేష్మాకు యాడా దొరకల్య, మునగాకు ఏసినా" అంది ఎంతో ప్రేమగా. మంచినీళ్ళలో అవి బతకవని చెబుతూ ఏడ్చేశాను.

అప్పటికే పంచలో జనం చేరారు. నా దగ్గర సీసాలో కొన్ని సముద్రపు నీళ్ళు మిగిలాయి. హైస్కూలు అయ్యవారు ఇచ్చిన మైక్రోస్కోపు ముందు కూర్చుని, కొన ఊపిరితో ఉన్నవాటిని ఒక్కొక్కటే కోశాను. (పైకి ఆడా మగా తెలియదు. కోసి బోర్లిస్తే ఆడది పసుపుపచ్చ గుడ్లు రాలుస్తుంది, మగది పాలలాంటి ద్రవం విడుస్తుంది.) మొదటిది ఆడది. రెండోదీ ఆడదే. మూడోదీ అంతే. పెద్దాయన తువ్వాలు దులిపి లేచాడు. "అన్నీ ఆడవేనేమప్పా, నీ ఇంట్లో మాదిరి?" అన్నాడు. మేము నలుగురం అక్కచెల్లెళ్ళం. నాయన ముఖం చిన్నబుచ్చుకోలేదు. "కూచోన్నా. పాప చెయ్యి ఇంగా ఆగల్య" అన్నాడు.

నాలుగోది మగది! సీసాలోని సముద్రపు నీళ్ళలో రాల్చిన గుడ్లకు దాని చుక్క కలిపాను. గంట దాటాక, పురి విడిన పట్టుపోగును దూరం నుంచే పట్టేసే పెద్దాయన కన్ను గొట్టానికి ఆనింది. "అబ్బా! ఒగటి రెండాయె! యాడా తెగల్య, రెండాయె!" అని కేకేశాడు. తర్వాత నాయన భుజం తట్టి, "పంపించప్పా మద్రాసుకు" అన్నాడు. నాయన ఆ రోజంతా మగ్గంలో కూర్చోలేదు, వీధిలోనే తిరిగాడు.

అవ్వ గర్వం మాత్రం వేరు. ఎదురింటామెతో చెబుతోంది: "మా పాప మద్రాసు నుంచి సముద్రాన్నే తెచ్చినాది. నేనే పారబోస్తి. నాకి చూస్తి గూడా. ఉప్పు రవ్వంత ఎక్కువ, అంతే."

అదేం మాటని ఆ రోజు ఆమెను సరిదిద్దబోయాను. ఇప్పుడు ఆమె వయసు నాకొచ్చింది. ఆ రోజు ఏం చూపించావని ఎవరైనా అడిగితే, గుడ్డు రెండైన సంగతి తర్వాతకు పెట్టి, మా అవ్వ సముద్రాన్ని పారబోసిందనే ముందు చెబుతున్నాను.